దారిలో దొరికే మట్టి ఎప్పుడు రంగవుతుంది?

సంక్షిప్తంగా: మట్టికి రంగునిచ్చేది ఎక్కువగా ఇనుము. ఆ రంగు కాగితం మీద నిలవాలంటే మట్టిని నీళ్లలో తేర్చి ఇసుక వదిలించాలి, మెత్తగా నూరాలి, బంక కలపాలి. కళ్లకు బాగా ఎర్రగా కనిపించే ప్రతి నేలా మంచి రంగు ఇవ్వదు. అడవుల్లో, రక్షిత స్థలాల్లో పిడికెడు మట్టి తీసినా చట్టం అడ్డొస్తుంది. ఇల్లు కట్టడానికో బావికో ఇప్పటికే తవ్విపోసిన మట్టిని అడిగి తీసుకోవడం అన్నిటికన్నా మేలైన దారి.

ప్రయాణాల్లో కనిపించిన రంగు మట్టిని కాస్త పొట్లం కట్టుకుని వచ్చి, ఇంట్లో నూరుకుని, దానితోనే ఆ ఊరి బొమ్మ వేసేవాళ్లు చిత్రకారుల్లో చాలామంది ఉన్నారు. వాళ్లు పెట్టే వీడియోలు చూసి అదే పని మొదలుపెట్టిన వాళ్లకు మూడు సందేహాలు వస్తున్నాయి. అక్కడ అంత ఎర్రగా ఉన్న మట్టి ఇంటికొచ్చాక ఎందుకు వెలిసిపోయినట్టుంది? దాన్ని తెచ్చుకోవడం తప్పా? సహజమైనది కాబట్టి చేత్తో ముట్టుకున్నా పిల్లలకు ఇచ్చినా ఫర్వాలేదా? మూడింటికీ జవాబు మట్టి స్వభావంలోనే ఉంది.

తడి మట్టి చేసే మాయ

మొదటి సందేహానికి కారణం నీళ్లు. పొడి మట్టిలో రేణువుల మధ్య గాలి ఉంటుంది. వెలుగు రేణువు నుంచి గాలిలోకి, గాలి నుంచి మళ్లీ రేణువులోకి మారిన ప్రతిసారీ చెదిరిపోతుంది. అలా చెదిరి వెనక్కి వచ్చిన వెలుగులో తెలుపు ఎక్కువ కలిసి, రంగు పాలిపోయినట్టు కనిపిస్తుంది. వాన పడితే ఆ ఖాళీల్లో నీళ్లు నిండుతాయి. నీటికీ మట్టి రేణువుకీ మధ్య తేడా తక్కువ కాబట్టి వెలుగు చెదరడం తగ్గి, లోపలికి వెళ్లి రంగు పట్టుకుని వస్తుంది. ఏటి ఒడ్డున మెరిసిన గులకరాయి జేబులో ఆరాక బూడిద రంగుకు తిరగడం కూడా ఇదే.

కాబట్టి వానాకాలం ప్రయాణంలో చూసిన రంగును నమ్మడానికి లేదు. అదే మట్టిని అవిసె నూనెలో నూరితే తడి రంగు దాదాపు అలాగే నిలుస్తుంది, ఎందుకంటే నూనె ఆరిపోయినా ఖాళీల్లోనే గట్టిపడుతుంది. బంక నీళ్లతో కలిపితే నూనె అంత కాకపోయినా కొంత నిలుస్తుంది. ఏ బంకా లేకుండా వట్టి నీళ్లతో పూస్తే ఆరగానే వెలిసిపోతుంది, చెయ్యి తగిలితే రాలిపోతుంది కూడా.

ఎరుపు, పసుపు రెండూ ఇనుమే

జేగురు, జాజు, కావి అని మనవాళ్లు పిలిచే ఎర్ర మట్టిలో రంగునిచ్చేది హెమటైట్, అంటే ఐరన్ ఆక్సైడ్. పసుపు మట్టిలో ఉండేది గోథైట్. అదీ ఇనుము ఆక్సైడే, కాకపోతే దాని నిర్మాణంలో నీటి భాగం కలిసి ఉంటుంది. గోథైట్‌ను సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే ఆ నీరు పోయి హెమటైట్‌గా మారుతుంది. ఇనప పెనం మీద పసుపు మట్టిని వేయిస్తే కాసేపటికి నారింజ, తర్వాత ఇటుక ఎరుపు వస్తాయి. ఒక్క పొట్లం నుంచి మూడు నాలుగు ఛాయలు తీయడానికి పాత చిత్రకారులు వాడిన ఉపాయం ఇది. రంగుల దుకాణంలో సియెన్నా, అంబర్ అనే మట్టి రంగులకు 'బర్న్ట్' (కాల్చిన) అన్న పేరుతో రెండో రకం దొరకడానికి కారణం కూడా ఇదే.

ఇనుముతో పాటు మాంగనీస్ కలిస్తే గోధుమ రంగు వస్తుంది. మాంగనీస్ తక్కువుంటే సియెన్నా, ఎక్కువుంటే ముదురు అంబర్. తెలుపు కోసం సుద్ద, చైనా క్లే, సున్నం ఉన్నాయి. ఆకుపచ్చ మట్టి అరుదు. సెలడొనైట్, గ్లాకొనైట్ అనే ఖనిజాలు దానికి మూలం. దక్కన్ నల్లరాతి పొరల్లో లావా చల్లారినప్పుడు మిగిలిన బుడగల గూళ్లలో సెలడొనైట్ ఏర్పడుతుంది. అజంతా గుహల గోడల మీది ఆకుపచ్చ అలాంటి మట్టిదే.

మరి నీలం? మట్టి రంగులతో బొమ్మలు వేయాలనుకున్న ప్రతివారికీ ఇక్కడ దారి మూసుకుపోతుంది. నేలలో విస్తారంగా ఉండి రంగునిచ్చే లోహం ఇనుము. అది మామూలు పరిస్థితుల్లో ఎరుపు, పసుపు, గోధుమ రంగులే ఇస్తుంది. అందుకే అజంతాలో కనిపించే నీలం కోసం లాపిస్ లాజులి అనే రాయిని అఫ్గానిస్థాన్ వైపు నుంచి తెప్పించుకోవలసి వచ్చింది. 16వ శతాబ్దపు లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాలు చూస్తే మట్టి రంగుల పరిధి ఎంతో, ఆ పరిధిలోనే ఎంత చేయవచ్చో రెండూ ఒకేసారి తెలుస్తాయి. అక్కడ ఎరుపు, పసుపు, గోధుమ, నలుపు, తెలుపుదే రాజ్యం. చీరల అంచులు, బట్టల మీది గళ్లు, పూల డిజైన్లన్నీ ఆ కొద్ది రంగుల్లోనే విడివిడిగా కనిపిస్తాయి.

ఇనుము రంగులు ఇన్ని వందల ఏళ్లు నిలవడానికి కారణం, అవి ఇప్పటికే తుప్పు పట్టి ఉండటం. ఎండ తగిలినా గాలి తగిలినా ఇంకా మారవలసింది ఏమీ మిగల్లేదు. పువ్వుల రసాలు, పసుపు కొమ్ము రంగు అలా కాదు. వాటిలో రంగునిచ్చే అణువులను ఎండ విరగ్గొడుతుంది. దీన్ని పరీక్షించడానికి ల్యాబ్ అక్కర్లేదు. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుందని తెలుగిళ్లలో అందరికీ తెలుసు. అదే సున్నాన్ని పసుపు మట్టిలో కలపండి, రంగు కాస్త లేతబడుతుందే తప్ప పసుపుగానే ఉంటుంది. గోడ చిత్రాలు వేసేవాళ్లు సున్నపు పూత మీద మట్టి రంగులనే నమ్ముకోవడానికి ఇది పెద్ద కారణం.

మన నేలలో దొరికేవి

తెలంగాణ పల్లెల్లో గడపలకూ అరుగులకూ జాజు పూసి, దాని మీద ముగ్గు గీతలు వేయడం నిన్నమొన్నటి దాకా ప్రతి ఇంటి పండగ పని. గుడి ప్రహరీ మీద సున్నం పట్టీ, కావి పట్టీ పక్కపక్కన ఉండటం రెండు రాష్ట్రాల్లోనూ కనిపిస్తుంది. అంతకన్నా చాలా ముందే కర్నూలు దగ్గరి కేతవరం రాతి గుహల్లో, భూపాలపల్లి వైపున్న పాండవుల గుట్టలో మనుషులు ఎర్ర జేగురుతో జంతువుల బొమ్మలు వేశారు. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపిన పూత పూసి, ఆరాక దాని మీద బొమ్మ మొదలుపెడతారు. అక్కడ మట్టి రంగుగా కన్నా నేలగా, అంటే బొమ్మ నిలబడే చదునుగా పనిచేస్తుంది. చింతగింజల జిగురు గుడ్డకూ సుద్దకూ మధ్య పట్టునిస్తుంది.

నేలల విషయానికొస్తే తెలంగాణలో ఎక్కువగా ఉండే చల్కా నేల ఎర్రగా కనిపించినా అందులో ఇసుక పాలు చాలా ఎక్కువ. జహీరాబాద్ వైపు లాటరైట్ నేలలో ఇనుము దట్టంగా ఉంటుంది, రంగు బాగా దిగుతుంది. ఉమ్మడి కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఓకర్‌ను, అంటే ఇనుము రంగున్న మట్టిని, గనుల్లోంచే తీస్తారు. దేశం మొత్తం మీద ఓకర్‌కు పేరు రాజస్థాన్‌ది.

నల్లరేగడి మాత్రం చాలామందిని నిరాశపరుస్తుంది. పేరులో నలుపున్నా దానితో నల్ల రంగు రాదు, బూడిద రంగు వస్తుంది. పైగా రేగడిలోని బంకమన్ను నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుపోతుంది. ఎండాకాలంలో చేలో నెర్రెలు పడ్డట్టే కాగితం మీది పూత కూడా పగులుతుంది. నలుపు కావలసినవాళ్లు ఎప్పుడూ దీపపు మసినో బొగ్గునో వాడారు, ఇప్పటికీ అదే మంచిది.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగాల్సిన చెయ్యి

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలు చూస్తే, రంగుల మీద ఆసక్తి ఉన్న ఎవరికైనా చెయ్యి ముందుకు వెళ్తుంది. అక్కడ ఆగడం ఎందుకు అవసరమో కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఈ దిబ్బలు సముద్రం పక్కన గాలి, నీరు వేల ఏళ్లుగా పోగుచేసిన ఇసుక. తూర్పు కనుమల రాళ్ల నుంచి వచ్చిన గార్నెట్ లాంటి ఖనిజాల్లోని ఇనుము కాలక్రమంలో విడివడి, ఇసుక రేణువుల చుట్టూ పలచటి హెమటైట్ పొరగా పట్టుకుంది. ఎరుపంతా ఆ పై పొరదే. దక్షిణాసియాలో ఇలాంటివి మరో రెండు చోట్లే ఉన్నాయి, ఒకటి తమిళనాడులో, ఇంకొకటి శ్రీలంకలో. భారత భూవిజ్ఞాన సర్వే 2014లో దీన్ని జియో హెరిటేజ్ స్థలంగా గుర్తించింది. 2025లో ఇది యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరింది.

రేణువులను పట్టి ఉంచే బంక చాలా బలహీనం కావడంతో ప్రతి వానకూ గట్లు కోసుకుపోయి లోతైన గాడులు పడతాయి. ఆ గాడులే దిబ్బల అందం. గట్టు అంచున కాలు వేసినా, చేత్తో గీకినా కోత అక్కడి నుంచి మొదలవుతుంది. సెలవు రోజుల్లో వందల మంది వచ్చే చోట ఒక్కొక్కరు ఒక్కో పిడికెడు తీస్తే ఏమవుతుందో లెక్క వేయడం కష్టం కాదు.

చిత్రకారుడి వైపు నుంచి చూసినా లాభం లేదు. రంగు పలచటి పొరలో మాత్రమే ఉంది కాబట్టి కిలో ఇసుక తెచ్చి తేర్చినా చేతికి మిగిలే రంగుపొడి చాలా కొద్ది. ఆ మాత్రం ఎరుపు ఏ ఊళ్లో అయినా పునాది గోతి పక్కన పోసిన ఎర్రమట్టి కుప్పలో దొరుకుతుంది. ఇంత అరుదైన చోటును గీకి అంత నాసి రంగు తెచ్చుకోవడం ఏ విధంగానూ సరైన పని అనిపించుకోదు.

ఫ్రాన్స్‌లోని రూసియోన్ గ్రామంతో దీన్ని పోల్చి చూడవచ్చు. అక్కడి ఓకర్ కొండల్లోనూ ఎక్కువ భాగం ఇసుకే. 18వ శతాబ్దం చివర జాన్ ఎటియెన్ ఆస్టియే అనే స్థానికుడు ఆ ఇసుకను నీళ్లతో కడిగి ఓకర్‌ను వేరు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత అది ఆ ప్రాంతానికి పెద్ద పరిశ్రమైంది. ఫ్యాక్టరీ రంగులు వచ్చాక 20వ శతాబ్దంలో చాలా గనులు మూతపడ్డాయి. ఇప్పుడు ఆ కొండల మధ్య నడక దారి ఉంది, టికెట్ కొని చూడాలి, మట్టి తీసుకోవడం నిషేధం. రంగు కావలసినవాళ్లు అదే ఊళ్లో పొడి కొనుక్కుంటారు. చూసే చోటు, తవ్వే చోటు వేరు చేయడం వల్ల రెండూ బతికాయి. ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఇంకా అలాంటి ఏర్పాటు లేదు.

నీళ్లు చేసే పని

తెచ్చుకున్న మట్టిని రంగుగా మార్చడంలో అసలు పని తేర్చడం. ముందు వేళ్ల మధ్య తడిపి రుద్ది చూడాలి. గరగరలాడితే ఇసుక, వెన్నలా జారి వేలికి మరక పడితే మంచి మట్టి. ఆ మరక సబ్బుతో తొందరగా పోకపోతే ఇంకా మంచిది. వెనిగర్ చుక్క వేస్తే నురగ వచ్చిందంటే సున్నపు పాలు ఉన్నట్టు. దానివల్ల నష్టం లేదు, రంగు కాస్త లేతగా ఉంటుంది.

మట్టిని బకెట్ నీళ్లలో కలిపి, రాళ్లు, వేళ్లు, ఆకులు తీసేసి బాగా కలియబెట్టాలి. ఒక నిమిషంలోపు బరువైన ఇసుక అడుగుకు చేరుతుంది. పైన రంగుగా ఉన్న నీళ్లను కదపకుండా ఇంకో గిన్నెలోకి వంచుకోవాలి. చిన్న రేణువు మునగడానికి పెద్ద రేణువు కన్నా చాలా ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి ఆ నీళ్లలో మిగిలింది మెత్తటి భాగమే. రెండో గిన్నెలో రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి పైన తేట, కింద మడ్డి. ఈ పని రెండు మూడు సార్లు చేసి, మడ్డిని పళ్లెంలో ఆరబెట్టి, కల్వంలో నూరాలి. రూసియోన్‌లో చెరువులంత తొట్లలో చేసింది ఇదే పద్ధతి.

ఆ పొడికి బంక కావాలి. నీటి రంగులకు వాడే గమ్ అరబిక్ తుమ్మ జాతి చెట్ల బంకే. ఒక పాలు బంకను రెండు పాళ్లు వేడినీళ్లలో నానబెట్టి వడకట్టి, కాస్త తేనె కలిపితే పూత పెళుసుగా ఉండదు. బూజు పట్టకుండా ఒక చుక్క లవంగ నూనె వేస్తారు. పొడి, బంక నీళ్లు ఇంచుమించు సమానంగా తీసుకుని గాజు పలక మీద పొత్రంతో నూరుతూ ఉండాలి. ఎంతసేపు నూరితే అంత మంచి రంగు. నూరడం వల్ల పొడి ఇంకా సన్నబడటం కన్నా, ప్రతి రేణువు చుట్టూ బంక పట్టడం ముఖ్యం.

రంగు పెట్టెలో ఒక చిన్న గడి నిండడానికి రెండు మూడు గ్రాముల పొడి చాలు. అందుకే సంచులు మోయాల్సిన పని లేదు. మంచి మట్టి అయితే టీ గ్లాసుడు తెస్తే ఏడాది పొడుగునా బొమ్మలు వేసుకోవచ్చు.

ఈ విద్య ఎంత పాతదో దక్షిణాఫ్రికాలోని బ్లోంబోస్ గుహ చెబుతుంది. అక్కడ సుమారు లక్ష ఏళ్ల కిందటి రెండు పెద్ద ఆల్చిప్పల్లో నూరిన జేగురు, బొగ్గు, ఎముకల్లోంచి తీసిన కొవ్వు కలిపిన ఆనవాళ్లు దొరికాయి. పక్కనే నూరుడు రాళ్లు కూడా ఉన్నాయి. 2011లో ఆ వివరాలు వెలుగులోకి వచ్చాయి.

ఎక్కడ తీయవచ్చు, ఎక్కడ కూడదు

మన దేశంలో మట్టి ఎవరిదీ కానిది కాదు. 1927 అటవీ చట్టం అడవిలోని పై మట్టిని, రాళ్లను, ఖనిజాలను కూడా అటవీ ఉత్పత్తుల కిందే లెక్కిస్తుంది. అభయారణ్యాల్లో, జాతీయ పార్కుల్లో 1972 వన్యప్రాణి చట్టం ఇంకా గట్టిగా అడ్డుకుంటుంది. నల్లమల, కవ్వాల్ వైపు ట్రెక్కింగ్‌కు వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుహలు, కోటల దగ్గరా అంతే. 2015 ఫిబ్రవరిలో కేంద్రం ఓకర్, చైనా క్లే, సుద్దలతో సహా 31 ఖనిజాలను మైనర్ మినరల్స్‌లో చేర్చింది. దాంతో వాటి తవ్వకం, అమ్మకం నియమాలు రాష్ట్రాల చేతికి వచ్చాయి. అమ్మకానికి తవ్వితే పర్మిట్ తప్పదు. గ్లాసుడు మట్టి కోసం ఎవరూ కేసు పెట్టరని కొందరు అంటారు. ప్రైవేటు స్థలంలో యజమాని ఒప్పుకుంటే నిజంగానే ఇబ్బంది ఉండదు. రక్షిత ప్రాంతంలో ఆ మాట చెల్లదు.

విదేశాల్లో ఈ విషయం టెన్షన్ పెట్టే స్థాయిలో ఉంటుంది. ఇటలీలోని సార్డీనియా దీవిలో ఇసుక, గులకరాళ్లు తీసుకెళ్తే 500 నుంచి 3,000 యూరోల దాకా జరిమానా వేసే చట్టం 2017లో వచ్చింది. అమెరికా జాతీయ పార్కుల్లో రాయి, మట్టి ఏదీ తీయకూడదు. ఆస్ట్రేలియాలో సమస్య ఇంకో రకం. పశ్చిమ ఆస్ట్రేలియాలోని విల్గీ మియా ఓకర్ గనిని ఆదివాసీలు వేల ఏళ్లుగా వాడుతున్నారు. వారికి అది పవిత్ర స్థలం. అక్కడి ఎర్రమట్టిని రంగుగా మాత్రమే చూడటం, ఎవరి అనుమతీ లేకుండా తీసుకోవడం వాళ్ల పూజగదిలోకి చెప్పులతో వెళ్లడం లాంటిది.

విమానంలో తెచ్చేటప్పుడు ఇంకో ఆటంకం ఉంటుంది. మట్టిలో సూక్ష్మజీవులు, పురుగుల గుడ్లు, విత్తనాలు ఉండొచ్చు కాబట్టి మన దేశంలో 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం మట్టి దిగుమతికి అనుమతి కావాలి. అమెరికా, ఆస్ట్రేలియాల్లోనూ అంతే. ఊరి మట్టిని డాలస్‌కో మెల్‌బోర్న్‌కో పట్టుకెళ్లాలనుకునే తెలుగువాళ్లు ఎయిర్‌పోర్టులో దాచకుండా డిక్లేర్ చేయాలి. దాన్ని అక్కడే పారేయించే అవకాశమూ ఉంది. ఊళ్లోనే బంక కలిపి, కాగితం మీద పూసి, ఆ కాగితాన్ని పట్టుకెళ్లడం చాలా సులువు.

సహజమైన విషాలు

మట్టి వినాయకులకు సహజ రంగులే వేయాలన్న ప్రచారం తర్వాత 'సహజం' అన్న మాట మీద నమ్మకం పెరిగింది. ఆ మాటకు ఒక హద్దుంది. పాత చిత్రకారులు ఎరుపుకు వాడిన ఇంగిలీకం పాదరసపు ఖనిజం. పసుపుకు వాడిన హరిదళంలో ఆర్సెనిక్ ఉంటుంది. రెండూ భూమిలోంచి వచ్చేవే. ఇనుము ఉన్న జేగురుతో అలాంటి ప్రమాదం లేదు, కానీ ఖనిజాల గనుల దగ్గర దొరికే మట్టికి ఆ హామీ ఇవ్వలేం. పల్నాడులోని అగ్నిగుండాల ప్రాంతంలో రాగి, సీసం ఖనిజాలున్నాయి. అలాంటి చోట ముచ్చటైన ఆకుపచ్చ రాయి కనిపిస్తే చూసి వదిలేయడం మంచిది. రోడ్డు అంచున, పాత గోడల కింద ఉన్న మట్టిలో పాత పెయింట్లలోని సీసం చేరి ఉండొచ్చు.

అన్ని మట్టిల్లోనూ ఉండే ప్రమాదం ధూళి. ఇసుకలోని సిలికా పొడి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పలకల, రాళ్ల పనిచేసే కార్మికులను పీడించే సిలికోసిస్ అదే. అప్పుడప్పుడు రంగు నూరుకునేవాళ్లకు ముప్పు చాలా తక్కువే అయినా పొడిగా నూరేటప్పుడు మాస్కు పెట్టుకోవడం, వీలైనంత వరకు తడిగానే నూరడం సులువైన జాగ్రత్తలు. మట్టి వేయించిన పెనాన్ని మళ్లీ వంటకు వాడకూడదు.

ట్యూబు మీది అంకెలు

ఇప్పుడు దుకాణాల్లో దొరికే 'ఎల్లో ఓకర్' ట్యూబుల్లో చాలావాటిలో మట్టి ఉండదు. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో రంగుపొడి సంకేతం ఉంటుంది. అది పీవై 43 (PY 43) అని ఉంటే సహజ పసుపు మట్టి, పీవై 42 అని ఉంటే ఫ్యాక్టరీలో తయారైన ఐరన్ ఆక్సైడ్. ఎరుపులో పీఆర్ 102 సహజం, పీఆర్ 101 తయారీ. నాణ్యతలో ఫ్యాక్టరీ రంగు తక్కువేమీ కాదు. దాని రేణువులన్నీ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి, రంగు గాఢంగా ఉంటుంది, ఎండకూ అంతే బాగా నిలుస్తుంది, ఏ ట్యూబు కొన్నా ఒకేలా వస్తుంది.

చేత్తో తేర్చిన మట్టిలో హెమటైట్‌తో పాటు బంకమన్ను, సన్నటి పలుగు రాతి పొడి, కాస్త మాంగనీస్ అన్నీ ఏ పాళ్లలో ఉన్నాయో అలాగే వస్తాయి. దానివల్ల పూతలో చిన్న చిన్న గరుకులు, నీళ్లు పారిన చోట రేణువులు విడిపోయి రెండు ఛాయలుగా ఆరడం కనిపిస్తాయి. చాలామంది చిత్రకారులకు నచ్చేది ఆ గుణమే. కానీ పదడుగుల దూరంలో తీసిన ఇంకో పిడికెడులో ఆ పాళ్లు మారిపోతాయి. పొట్లం అయిపోతే ఆ రంగు మళ్లీ దొరకదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు మట్టి తెచ్చిన రోజే పొట్లం మీద ఊరు, తేదీ, ఎంత లోతు నుంచి తీసింది, తడిదా పొడిదా రాసిపెడతారు. నూరే ముందు ఒక చెంచాడు మట్టిని విడిగా దాస్తారు. పక్కనే ఒక కాగితం ముక్క మీద పచ్చి మట్టి పూత, వేయించిన మట్టి పూత వేసి అంటిస్తారు.